రెండు వందల అరవై మూడో పేజీ

మా అక్కకు మాట పడిపోయి ఇంకో నెలలో ఏడాది నిండుతుందనగా, డాక్టరమ్మ ఒక కాగితం నా చేతిలో పెట్టి, మాట సాధన చేయించే చికిత్సకు ఇక వారం వారం రావలసిన పని లేదని చెప్పింది. మెత్తగానే చెప్పింది. ఇలాంటివి మెత్తగా చెబితే నాకు మరీ ఒళ్లు మండుతుంది. పక్షవాతంతో పోయిన మాట మొదటి ఏడాదిలో వచ్చిందే వచ్చిందట, ఆ తర్వాత మెరుగు ఉండదని పరిశోధనలు తేల్చాయట, అక్క కూర్చునే కుర్చీ కోసం చాలామంది కాచుకుని ఉన్నారట. ఇంకో నాలుగు సార్లు వచ్చి ఆపేయవచ్చట.

అక్క పక్కనే కూర్చుని అంతా వింది. ఆమెకు అర్థం కావడంలో ఏ లోటూ లేదు. నలభై బొమ్మలు పెట్టి పరీక్ష చేస్తారు. ప్రతి బొమ్మా ఏమిటో ఆమెకు తెలుసు, పేరు నాలుక చివరి దాకా వస్తుంది, అక్కడే ఆగిపోతుంది. పదకొండింటికి మాత్రం చెప్పగలుగుతోంది. బొమ్మ ఎదురుగా లేకపోతే ఆ పదకొండూ కూడా రావు.

అలాంటి మనిషి నోటితోనే మా బతుకంతా నడిచింది. మాది థీసిస్‌లు టైపు చేసి, అట్ట వేసి ఇచ్చే షాపు. విశ్వవిద్యాలయం గేటుకు ఎదురు వరసలో మూడో గది. పరిశోధన విద్యార్థులు చేత్తో రాసి తెచ్చిన కాగితాలను అక్క పైకి చదివేది, నేను టైపు చేసేదాన్ని. కామాలు, ఫుల్‌స్టాపులతో సహా చదివేది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఒకసారి నా మీద కోపం వచ్చి, "నీకు బుద్ధి లేదు ఫుల్‌స్టాపు" అంది. షాపులో ఉన్న విద్యార్థులు పొట్ట పట్టుకుని నవ్వారు. మళ్లీ తప్పులు దిద్దే పని కూడా తనదే. తప్పు దొరికితే, అది తనదైనా సరే, ఎర్ర గీత పడాల్సిందే.

ఆ కాగితం ఇంటికి తెచ్చి చదివాను. అందరూ పై నుంచి చదువుతారు, నేను కింద నుంచి చదువుతాను, అది వృత్తి దోషం. అడుగున చిన్న అక్షరాల్లో ఆధారం ఇచ్చారు. మూడు పేర్లు, ముప్పై ఏళ్ల కిందటి సంవత్సరం, ఒక వైద్య పత్రిక, సంపుటం, రెండు వందల ఇరవై మూడో పేజీ. చూడగానే పాత చుట్టం ఎదురైనట్టు అనిపించింది. ఆ లైను నేను తక్కువలో తక్కువ ముప్పై సార్లు టైపు చేసి ఉంటాను.

దాచుకోవడం ఎందుకు, నేను చేసిన ఒక పని చెప్పాలి. థీసిస్ చివర రిఫరెన్సులు తక్కువయ్యాయని విద్యార్థులు ముఖాలు వేలాడేసుకుని వస్తే, నా కంప్యూటర్‌లోంచి ఒక పది తీసి అతికించేదాన్ని. ఏ విషయానికి ఏవి నప్పుతాయో పాత థీసిస్‌లను బట్టి నాకు తెలుసు. వాటికి "ఆంటీ రిఫరెన్సులు" అని పేరు కూడా పడింది. అది పుణ్యం అనుకునేదాన్ని. అన్నేసి సార్లు టైపు చేశానే గానీ, ఆ లైను వెనక నిజంగా ఒక పేపరు ఉంటుందని, దాన్ని ఎవరో కూర్చుని రాశారని నాకు ఎన్నడూ తట్టలేదు.

ఇప్పుడు తట్టింది, అదీ కోపంతో. మా అక్కను కంటితో చూడకుండా ఆమె సంగతి తేల్చేసిన ఆ ముగ్గురూ ఎవరో చూద్దామని మర్నాడు ఉదయమే లైబ్రరీకి వెళ్లాను.

అక్కడ పరిశోధన పత్రికల విభాగం చూసే లైబ్రేరియన్‌ను అందరూ ఆధారం గారు అంటారు. బయట వాన పడుతోందన్నా "ఆధారం?" అంటారాయన. నేను నా గోడు మొదలుపెట్టగానే ఆపి, కాగితం అందుకున్నారు. పేపరు పేరు కొట్టి వెతకడం, పత్రిక పేరు పట్టుకుని దాని సంపుటం విషయసూచికకు వెళ్లడం, ఫలానా పేపరును తర్వాత ఎవరెవరు వాడుకున్నారో జాబితా తీయడం, ఒక్కొక్కటే నా చేతే చేయించారు. ఇరవై ఏళ్లుగా థీసిస్‌లు టైపు చేస్తున్నాను, ఇంత పెద్ద ఊరు నా గోడ అవతలే ఉందని తెలియదు. తలుపు తెరిస్తే ఇంకో తలుపు. ప్రతి పేపరూ తనకంటే ముందున్న వాళ్లను పేరుపేరునా తలుచుకుంటోంది. ఎప్పుడో పోయిన మనిషి కొలిచిన కొలతను ఇవాళ ఎవరో జాగ్రత్తగా అందుకుంటున్నారు. ఒకరి ముఖం ఒకరు చూడని ఇంతమంది ఒకే మాటను ఇన్నేళ్లుగా కొనసాగిస్తున్నారని తెలిసి నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

విషయసూచికలో రెండు వందల ఇరవై మూడో పేజీ చూస్తే, అది చిన్నపిల్లలు పెన్సిలు పట్టుకునే తీరు గురించిన వేరే పేపరు మధ్యలో ఎక్కడో పడింది. మాకు కావలసింది రెండు వందల అరవై మూడులో ఉంది.

అచ్చు తప్పు అయ్యుంటుందన్నాను. ఆయన ఊరుకోలేదు. ఆ పేపరును వాడుకున్న వాళ్ల జాబితా తీసి సంవత్సరాల వారీగా పేర్చారు. పదహారేళ్ల కిందటి వరకు అందరూ అరవై మూడు అనే రాశారు. అక్కడి నుంచి మా విశ్వవిద్యాలయం వాళ్లు, వాళ్లను చూసి బయటివాళ్లు, చివరికి ఈ ఆసుపత్రి కాగితం వరకు, ఇరవై మూడు. ఎవరో ఒకరు తప్పు రాశారు, మిగతావాళ్లు ఆ పేజీ తెరవకుండానే ఎత్తి రాసుకున్నారు, అంతవరకు ఆయనకు అర్థమైంది. ఆరు పోయి రెండు ఎందుకు వచ్చిందన్నదే అంతు చిక్కలేదు. కళ్లు ఆరును రెండుగా చదవవు అన్నారు.

నేను ఆ అంకెను పైకి అని చూసుకున్నాను. రెండు వందల అరవై మూడు. రెండు వందల ఇరవై మూడు.

అది కళ్లు చేసిన తప్పు కాదు, చెవులు చేసిన తప్పు. మన భాషలో పైకి చదివి, మన భాషలో విని టైపు చేసుకునేవాళ్లే చేయగల తప్పు. అలా పని చేసే షాపు ఈ వీధిలో మాది ఒక్కటే. పదహారేళ్ల కిందట మా గుమ్మం ముందు పైపుల కోసం నెలరోజులు రోడ్డు తవ్వారు. ఆ యంత్రాల హోరులో అక్క అరవై అంది, నేను ఇరవై విన్నాను. ఆనాటి థీసిస్ లైబ్రరీలో మేమున్న గదిలోనే, పై అరలో, మా అట్టతోనే ఉంది. తీసి చూస్తే ఇరవై మూడు. దాని తర్వాతి వాళ్లకు ఆ లైను చేతిలో పెట్టి పంపింది నేనే.

ఆధారం గారికి చెప్పేశాను. తిడతారనుకుంటే, ఆయన అద్దాలు తీసి తుడుచుకుంటూ ఆ జాబితా వంకే చూశారు. దూరదేశాల్లో కూర్చుని రాసిన వాళ్ల పేపర్ల దాకా మా వీధి రోడ్డు హోరు వెళ్లిందన్నమాట అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అంకె ఒక్కటే అయితే పోనీ అనుకుందును. మా షాపులో టైపైన థీసిస్‌లు మూడు పక్కపక్కన పెట్టి, ఆ పేపరు గురించి రాసిన వాక్యం చదివాను. మొదటి దాంట్లో, "పరిశీలించిన పన్నెండు నెలల్లో మెరుగు ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో కనిపించింది" అని ఉంది. రెండో దాంట్లో "మెరుగు పన్నెండు నెలల వరకు ఉంటుంది" అయింది. మూడో దాంట్లో "పన్నెండు నెలల తర్వాత మెరుగు ఉండదు" అని తేలిపోయింది. మూడూ నా వేళ్ల కింద నుంచి పోయినవే. ఎవరూ అబద్ధం రాయలేదు. ముందున్న దాన్ని చూసి, కాస్త కుదించి రాసుకున్నారు, అంతే. ఆ కుదింపు వచ్చి వచ్చి మా అక్క కుర్చీ కాళ్లకు తగిలింది.

అయినా అసలు పేపరులో ఏముందో మాకు ఇంకా తెలియదు. పత్రిక వాళ్లు దాన్ని డబ్బు కడితే తప్ప తెరుచుకోకుండా తాళం వేసి పెట్టారు. ఆ సంపుటం లైబ్రరీలో లేదు. దొంగదారిన దింపుకునే చోట్లు ఉన్నాయని విద్యార్థులు చెప్పుకోగా విన్నాను, ఆ మాటే అన్నాను. ఆధారం గారు నా వంక చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. రాసినవాళ్లను అడగవచ్చు కదమ్మా, తమ పేపరు చదువుతామంటే సంతోషించని వాళ్లు ఉండరు అన్నారు. ముగ్గురిలో ఒకావిడ ఈమెయిలు చిరునామా ఇంకా పనిచేస్తోంది. నేనెవరినో, ఎందుకు అడుగుతున్నానో నాలుగు ముక్కల్లో రాసి పంపాను.

నాలుగో రోజుకు జవాబు వచ్చింది. పేపరుతో పాటు చిన్న ఉత్తరం. తన సహచరులిద్దరూ ఇప్పుడు లేరని, ఈ పేపరు పంపమని ఇన్నేళ్లలో అడిగిన వాళ్లలో నేను మూడో మనిషినని రాసింది. మీ అక్కగారి పేరు చెప్పగలరా, ఎవరి కోసం అడుగుతున్నారో పేరుతో తలుచుకోవాలని ఉంది అని కూడా రాసింది. ఆ వాక్యం దగ్గర నా కోపం సగానికి సగం చచ్చిపోయింది.

పేపరు మొదటి నుంచి చదవబోయి రెండో పేరాకే మునిగిపోయాను. ఆధారం గారు చదవడం నేర్పారు. అర్థం కాని మాటల కింద గీత గీసి ముందుకు పొమ్మన్నారు. ఎవరిని చూశారు, ఎంతమందిని, ఎన్నాళ్లు, దేనితో కొలిచారు, ఎవరు మధ్యలో తప్పుకున్నారు, ముందు ఇవి వెతకమన్నారు. తేల్చి చెప్పిన మాట దగ్గర ఆగి, అంత మాట అనడానికి వాళ్లు చూసింది సరిపోతుందా అని అడుగుతూ చదవమన్నారు. మూడు ఉదయాలు పట్టింది.

నలభై ఒక్కమందిని చూశారు వాళ్లు. పన్నెండు నెలలు, నెలకోసారి, ప్రతి ఒక్కరి ఇంటికీ వెళ్లి. ఒకరు తొమ్మిదో నెలలో చనిపోతే, ఆ ఎనిమిది నెలల కొలతలూ తీసేయకుండా ఉంచారు, ఉంచామని రాశారు. ఒకరికి పరీక్ష చేసేటప్పుడు బయట గోల ఎక్కువగా ఉందని, ఆ కొలతను పూర్తిగా నమ్మవద్దని అడుగున రాశారు. తమ లెక్కలో ఎక్కడెక్కడ పొరపాటుకు చోటుందో తామే వెతికి, వేలు పెట్టి చూపించారు. తమ తప్పును తామే ఇంత శ్రద్ధగా చూపించే మనుషులను నేను మా అక్కలో తప్ప ఎక్కడా చూడలేదు. ఇదంతా మూడు పేర్లు, ఒక అంకెగా కుదించి ముప్పై సార్లు టైపు చేశాను నేను. సిగ్గు వేసింది. సిగ్గు కన్నా ఎక్కువగా, గొప్ప ఇంట్లోకి చెప్పులతో నడిచి వెళ్లినట్టు అనిపించింది.

చివరి పేజీలో ఆ మాట ఉంది. దాన్ని ఇంటికి తెచ్చి అక్కకు చదివి వినిపించాను.

"పన్నెండు నెలల తర్వాత ఏమవుతుందో మేము చూడలేదు. మెరుగు ఆగిపోతుందని గానీ, కొనసాగుతుందని గానీ ఈ పరిశీలన చెప్పలేదు. అది మాకు తెలియదు."

అక్క నా చేతిలోంచి కాగితం లాక్కుంది. ఆ మూడు వాక్యాల కింద వేలు పెట్టి మళ్లీ చదవమని సైగ చేసింది. చదివాను. మళ్లీ వేలు పెట్టింది. మూడోసారీ చదివాను. ఏడాదిగా మాకు అందరూ ఏదో ఒకటి తెలుసన్నట్టే చెప్పారు. తెలియదని అచ్చు వేయించి, కింద సంతకం చేసిన వాళ్లు ఈ ముగ్గురే. ఆ మాట అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత ఏడాది దాటి ఎవరైనా చూశారేమో వెతికాం. చిన్న చిన్నవి నాలుగు దొరికాయి. కొందరికి మాట పెరిగింది, కొందరికి లేదు, ఎవరికి పెరుగుతుందో చెప్పేంత మందిని ఎవరూ చూడలేదు.

డాక్టరమ్మకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. పేపరులో ఇరవై తొమ్మిదో వ్యక్తి అని ఒకరున్నారు. పదకొండు నెలలు మాట ఏమాత్రం పెరగకుండా ఉండి, పన్నెండో నెలలో ఒక్కసారిగా తొమ్మిది మాటలు పెరిగాయి. నేను ఉత్తరమంతా ఆ మనిషితోనే నింపేశాను. ఆధారం గారు చదివి కలం కింద పెట్టేశారు.

"మిగతా నలభైమందిని ఎక్కడ దాచారమ్మా?" అన్నారు. "మీకు పనికొచ్చే ఒక్కరినే బయటికి తీస్తే, కుదించి రాసుకున్నవాళ్లు చేసిందానికీ మీరు చేసిందానికీ తేడా ఏముంది?"

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు మళ్లీ రాశాను. ఇరవై తొమ్మిదో వ్యక్తినీ, ఏమాత్రం పెరగని వాళ్లనూ, దొరికిన నాలుగు పేపర్లనూ, అన్నీ రాశాను. మా అక్క మెరుగవుతుందని వీటిలో ఎక్కడా లేదని, అవ్వదని కూడా లేదని రాశాను. మీ కాగితంలో పేజీ అంకె తప్పని, ఆ తప్పు పుట్టింది మా షాపులోనని రాసి, కింద నా సంతకం పెట్టాను.

డాక్టరమ్మ ఉత్తరమూ పేపరూ నా ఎదురుగానే కూర్చుని చదివింది. ఎదురు మాట్లాడుతుందనుకుని నేను నడుం బిగించుకుని ఉన్నాను. ఆమె కళ్లజోడు తీసి, తాను ఈ పేపరు ఎప్పుడూ తెరవలేదని ఒప్పుకుంది.

"ఏడేళ్లుగా ఈ మాట చెప్పి మనుషుల్ని ఇంటికి పంపుతున్నానమ్మా" అంది.

ఆ తర్వాత ఇద్దరం కలిసి ఒక షరతు రాసుకున్నాం. అక్కకు ఇంకో మూడు నెలలు. చివర అదే నలభై బొమ్మల పరీక్ష. ఒకటీ రెండూ రోజును బట్టి అటూ ఇటూ అవుతాయి కాబట్టి, పదకొండు కనీసం పద్నాలుగు కావాలి. అయితే కుర్చీ ఉంటుంది, కాకపోతే వరసలో ఉన్న వాళ్లకు వెళ్తుంది. ఫలితం చూశాక మనసు మార్చుకోకుండా ఇది ముందే రాసి పెట్టుకోవాలని ఆమే అంది. అక్క ఎడమ చేత్తో సంతకం చేసింది.

ఆ మూడు నెలలు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ మా చేతుల్లో నలిగింది. అక్క గరిటె పట్టుకుని, తాళంచెవి పట్టుకుని, ముఖం ఎర్రబడే దాకా ప్రయత్నించేది. కొన్ని రోజులు ఏమీ రాదు. అప్పుడు ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

పరీక్ష రోజు డాక్టరమ్మ బల్లకు ఆ పక్క కూర్చుంది. నేను ఆమె వెనక, అక్కకు ఎదురుగా. బొమ్మలు ఒక్కొక్కటే వచ్చాయి. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను. పన్నెండు. పదమూడు. తర్వాత వరసగా ఎనిమిది బొమ్మలకు నోరు మెదపలేదు. చివరిది గొడుగు. అక్క దాన్ని చూస్తోంది, పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నాకు ప్రాణం పోతోంది. తెలిసే చేశాను. డాక్టరమ్మ భుజం వెనక నుంచి, శబ్దం లేకుండా, "గొ" అని పెదవులు గుండ్రంగా చుట్టాను.

"గొడుగు" అంది అక్క.

డాక్టరమ్మ తల వంచుకుని టిక్కు పెట్టింది. పద్నాలుగు. నా కాళ్లు నేల మీద ఆనలేదు.

అక్క ముఖంలో సంతోషం లేదు. ఎడమ చెయ్యి చాచి డాక్టరమ్మ చేతిలోని పెన్సిలు తీసుకుంది. కాగితం తన వైపు తిప్పుకుని, ఆ చివరి టిక్కు మీద అడ్డంగా గీత గీసింది. డాక్టరమ్మకు అర్థం కాలేదు. సరిగ్గానే చెప్పారు కదమ్మా అంది. అక్క నా వైపు వేలు చూపించింది. డాక్టరమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"ఆవిడేం చేశారు?" అని డాక్టరమ్మ అక్కనే అడిగింది. "మాట మీదే కదా?"

"కాదు" అంది అక్క.

ఆ మాటకు బొమ్మ లేదు. నలభై కార్డుల్లో ఎక్కడా లేదు, మేం సాధన చేసిన వాటిలోనూ లేదు. ఎవరూ అందించలేదు. అది ఆమె లోపలి నుంచి, తనంతట తాను నడిచి వచ్చింది. వచ్చి చేసిన మొదటి పని, తనకు రావలసిన కుర్చీని వద్దనడం. నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియలేదు.

నేను చేసింది నేనే చెప్పాను. డాక్టరమ్మ పెన్సిలు తీసుకుని కాగితంలో రాసింది. పదమూడు. చివరిది పక్కవారి సాయంతో వచ్చింది, లెక్కలోకి తీసుకోలేదు. దాని కింద ఇంకో లైను రాసింది. పరీక్షలో లేని మాట ఒకటి, తనంతట తాను: కాదు.

"దీన్ని లెక్కలో కలపలేను" అంది నాతో. "రాయకుండానూ ఉండలేను."

కుర్చీ షరతు ప్రకారమే వేరొకరికి వెళ్లింది. ఏడాది దాటిందని తాను ఇంటికి పంపేసిన వాళ్లందరినీ మూడు నెలలకోసారి పిలిచి కొలుస్తానని, పెరిగినా పెరగకపోయినా రాసి పెడతానని డాక్టరమ్మ చెప్పింది. అక్క పేరు ఆ జాబితాలో మొదటిది.

బయటికి వచ్చి మెట్లు దిగుతూ నేను అక్కను దులిపేశాను. ఒక్క టిక్కుతో ఎవరి కొంప మునిగేదని అడిగాను. మూడు నెలల కష్టం బూడిదలో పోశావన్నాను. నీకు ఈ పిచ్చి చాదస్తం ఎప్పటికీ పోదన్నాను. ఆమె మెట్ల మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని, నా ముఖంలోకి సూటిగా చూసింది.

"కాదు" అంది మళ్లీ, ఇంకా గట్టిగా.

ఏడాది మూడు నెలల తర్వాత మా అక్క నాతో పోట్లాడుతోంది. నేను ఆ మెట్ల మీదే కూలబడి, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా ఏడ్చాను.